వర్క్, జాబ్, ఆక్యుపేషన్: మాటలో ఏది, ఫారంలో ఏది?

ప్రశ్న: బీకాం అయ్యాక మా ఊరి దగ్గర విత్తనాల కంపెనీలో అకౌంట్స్ సెక్షన్‌లో మూడేళ్ళ నుంచి పని చేస్తున్నాను. మొన్న హైదరాబాద్‌లో ఒక ఇంటర్వ్యూలో ‘ఐ యామ్ డూయింగ్ జాబ్ సిన్స్ త్రీ ఇయర్స్, డైలీ ఐ హ్యావ్ మెనీ వర్క్స్’ అన్నాను. ఎదురుగా కూర్చున్నాయన ‘వర్క్స్ అనరమ్మా’ అన్నారు కానీ ఎందుకో చెప్పలేదు. రెజ్యూమెలో నేను రాసిన ‘క్యారియర్ ఆబ్జెక్టివ్’ కూడా తప్పని ఇంకొకరు అన్నారు. ఇంతలో అక్కను చూడటానికి అమెరికా వెళ్ళే అమ్మానాన్నల వీసా ఫారం నింపే పని నా మీద పడింది. అందులో ఆక్యుపేషన్, జాబ్ టైటిల్, డ్యూటీస్ అని వేరువేరు గడులున్నాయి. నాన్నది వ్యవసాయం. అమ్మ ఇల్లూ పొలం రెండూ చూసుకుంటుంది. నిఘంటువు తెరిస్తే అన్నిటికీ పని, ఉద్యోగం, వృత్తి అనే ఉంది. ఈ తేడాలు ఎలా పట్టుకోవాలి? – ఒక పాఠకురాలు, ఖమ్మం జిల్లా

జవాబు: నిఘంటువు మీకు సాయపడకపోవడానికి కారణం మన ‘పని’ అన్న మాటే. అది చాలా పెద్ద మాట. ‘పని ఉంది’, ‘పనికి పోతున్నా’, ‘ఫ్యాన్ పని చేయట్లేదు’, ‘ఇది పనికిరాదు’, ‘నీకిక్కడేం పని?’ – ఇన్నిటికీ తెలుగులో ఒక్క మాట చాలు. ఇంగ్లీషు వాటిని తలా ఒక మాటకు పంచేసింది. అందుకే ఒక్కో ఇంగ్లీషు మాటకు ఒక్కో తెలుగు మాట రాసుకుని బట్టీ పడితే లాభం ఉండదు. ఆ మాట ఏ క్రియతో కలిసి వస్తుంది, దాని ముందూ వెనకా ఏ చిన్న మాట ఉంటుంది అన్నది చూడండి. తేడా అక్కడ బయటపడుతుంది.

ముందు మీ ‘వర్క్స్’ సంగతి చూద్దాం. బియ్యాన్ని మనం ‘ఒక బియ్యం, రెండు బియ్యాలు’ అని లెక్కపెట్టం. కిలో బియ్యం, బస్తా బియ్యం, కాసిని బియ్యం అంటాం. ఇంగ్లీషులో వర్క్ అచ్చంగా బియ్యం లాంటిది. కొలుస్తారు గానీ లెక్కపెట్టరు. ‘ఎ లాట్ ఆఫ్ వర్క్’, ‘సమ్ వర్క్’, ‘టూ మచ్ వర్క్’ అంటారు. ‘ఎ వర్క్’, ‘మెనీ వర్క్స్’ అనరు. జాబ్ మాత్రం బస్తా లాంటిది. ఒకటి, రెండు, మూడు అని లెక్కకు వస్తుంది: ‘ఎ జాబ్’, ‘టూ జాబ్స్’. కాబట్టి జాబ్‌కు ముందు ఎ, ద, మై లాంటిది ఏదో ఒకటి తప్పకుండా ఉండాలి. ‘డూయింగ్ జాబ్’ వినగానే చెవికి తగిలేది ఆ లోటే. హోమ్‌వర్క్, హౌస్‌వర్క్, పేపర్‌వర్క్ కూడా వర్క్ కడుపున పుట్టినవే. వాటికీ చివర ‘స్’ చేరదు.

మరి ‘వర్క్స్’ అన్న మాటే లేదా అంటే ఉంది, కానీ దాని అర్థాలు వేరు. కట్టడాలు, తవ్వకాలు లాంటి నిర్మాణాలను వర్క్స్ అంటారు. పీడబ్ల్యూడీలో డబ్ల్యూ ఆ వర్క్సే. ఉక్కు, ఇటుక లాంటివి తయారయ్యే కర్మాగారాన్నీ అలాగే పిలుస్తారు. ఒక రచయితవో వాగ్గేయకారుడివో రచనలన్నీ కలిపి చెప్పాలన్నా అదే మాట: ‘ద వర్క్స్ ఆఫ్ త్యాగరాజ’. మీ అకౌంట్స్ సెక్షన్‌లో రోజూ ఉండేవి ఇవేవీ కావు.

ఈ మాటలన్నీ ఎవరి చోట వాళ్ళు కూర్చున్న తీరు చూడాలంటే మన పల్లెల్లో అందరికీ తెలిసిన ఉపాధి హామీ చాలు. 2005 నాటి ఆ చట్టం పేరులో ఉన్నది ‘ఎంప్లాయ్‌మెంట్’. అంటే పని దొరికి ఉన్న స్థితి, మన మాటలో ఉపాధి. దీన్నీ ఈ అర్థంలో లెక్కపెట్టరు. ఇంటికి ఇచ్చింది ‘జాబ్ కార్డు’. తవ్వుతున్న చోటు ‘వర్క్ సైట్’. మంజూరైన చెరువు పూడికతీత, ఇంకుడు గుంతలు, మట్టి రోడ్డు – ఇవన్నీ ‘వర్క్స్’. ఇక్కడ ‘స్’ సరైనదే, ఎందుకంటే ఒక్కోటీ ఒక్కో నిర్మాణం. చేతికి వచ్చేది ‘వేజ్’. ఈ మాటలన్నీ ఒక్క మస్టర్ (కూలీల హాజరు పట్టిక) చుట్టూనే తిరుగుతున్నా ఒకదాని బదులు ఇంకొకటి పెట్టలేం.

క్రియతో కలిసినప్పుడు తేడా ఎంత దూరం పోతుందో ఒక జంటలో చూడండి. ‘ఐ లెఫ్ట్ వర్క్ ఎట్ సిక్స్’ అంటే ఆరింటికి ఆఫీసు నుంచి బయలుదేరాను. ‘ఐ లెఫ్ట్ మై జాబ్’ అంటే ఉద్యోగం మానేశాను. ఇంటర్వ్యూలో ఈ రెండూ తారుమారైతే ఎదుటివాళ్ళకు మీరు చెప్పని సంగతి చేరుతుంది. రోజూ వెళ్ళి వచ్చే చోటు అన్న అర్థంలో ఎప్పుడూ వర్కే వాడతారు, దాని ముందు ద కూడా ఉండదు: ‘గో టు వర్క్’, ‘లేట్ ఫర్ వర్క్’, ‘షీ ఈజ్ ఎట్ వర్క్’. ‘లుకింగ్ ఫర్ వర్క్’ అంటే ఏ పని దొరికినా సరే అని. ‘లుకింగ్ ఫర్ ఎ జాబ్’ అంటే ఉద్యోగమే వెతుకుతున్నాను అని. రోజు కూలీకి అడ్డా మీద నిలబడ్డ మేస్త్రీ చేసేది మొదటిది, మీరు చేస్తున్నది రెండోది.

‘డూయింగ్ జాబ్’ బదులు ఏమనాలి? చాలా సందర్భాల్లో జాబ్ మాటే అక్కర్లేదు, వర్క్‌ను క్రియగా వాడితే చాలు. దాని వెనక వచ్చే చిన్న మాటే అసలు కబురు చెబుతుంది. ఎవరి దగ్గర జీతం తీసుకుంటున్నారో చెప్పాలంటే ‘వర్క్ ఫర్’, ఏ సంస్థలో, ఏ చోట అంటే ‘వర్క్ ఎట్’, ఏ విభాగంలో, ఏ రంగంలో, ఏ ఊళ్ళో అంటే ‘వర్క్ ఇన్’, ఏ హోదాలో అంటే ‘వర్క్ యాజ్’, ఇప్పుడు చేతిలో ఉన్న ప్రాజెక్టు ఏది అంటే ‘వర్క్ ఆన్’. ‘ఐ వర్క్ యాజ్ ఆన్ అకౌంటెంట్’ అన్నది ఒక హోదా. ‘ఐ వర్క్ ఇన్ అకౌంట్స్’ అంటే ఆ సెక్షన్‌లో ఏ పనైనా కావచ్చు. మీరు అకౌంటెంటా, అకౌంట్స్ అసిస్టెంటా అన్నది తేల్చుకుని చెప్పండి. ఇంటర్వ్యూ చేసేవాళ్ళు రెండో ప్రశ్న అక్కడి నుంచే అడుగుతారు.

కాలం దగ్గర కూడా ఇలాంటి చిక్కే ఉంది. మన ‘చేస్తున్నాను’ ఈ నిమిషానికీ సరిపోతుంది, పదేళ్ళుగా చేస్తున్నదానికీ సరిపోతుంది. ఇంగ్లీషులో ‘ఐ యామ్ వర్కింగ్’ అంటే ఇప్పుడు ఈ క్షణాన, లేదా ప్రస్తుతానికి తాత్కాలికంగా అని. స్థిరమైన ఉద్యోగానికి ‘ఐ వర్క్’ అనాలి. అలాగే ఎవరినైనా ‘మీరేం చేస్తుంటారు?’ అని అడగాలంటే ‘వాట్ డు యు డు?’ అనాలి. ‘వాట్ ఆర్ యు డూయింగ్?’ అంటే ‘ఏంటి ఆ చేస్తున్నది?’ అన్నట్టు వినపడుతుంది. ఇక ‘సిన్స్ త్రీ ఇయర్స్’ ఎందుకు వచ్చిందో మీ ఉత్తరంలోనే ఉంది. ‘మూడేళ్ళ నుంచి’ అని రాశారు. ‘2022 నుంచి’ అన్నా, ‘మూడేళ్ళ నుంచి’ అన్నా తెలుగులో ‘నుంచి’ ఒక్కటే. ఇంగ్లీషులో మొదలైన తేదీకి సిన్స్, గడిచిన కాలానికి ఫర్. రెండిటిలో ఏది వాడినా క్రియ ‘హ్యావ్ వర్క్డ్’ లేదా ‘హ్యావ్ బీన్ వర్కింగ్’ అవుతుంది.

ఒక హెచ్చరిక. ‘జాబ్ వర్క్’ అని రెండూ కలిపి వాడేవాళ్ళు చాలామంది ఉన్నారు. అకౌంట్స్ మనిషిగా మీరు దీని జోలికి అసలు పోకూడదు. జీఎస్టీ చట్టంలో ‘జాబ్ వర్క్’ అంటే వేరొకరి సరుకును తీసుకుని దాని మీద ఏదో ప్రక్రియ చేసి తిరిగి ఇవ్వడం. బట్టకు రంగు వేసి ఇవ్వడం, ఇనుప ముక్కను లేత్ మీద చెక్కి ఇవ్వడం లాంటివి. ‘ఐ డిడ్ జాబ్ వర్క్ ఫర్ త్రీ ఇయర్స్’ అంటే ఆడిటర్‌కు మీరు వర్క్‌షాప్ నడిపినట్టు అర్థమవుతుంది.

ఇప్పుడు ఆక్యుపేషన్. అంతర్జాతీయ వృత్తుల వర్గీకరణలో జాబ్‌కూ దీనికీ గీసిన గీత చాలా స్పష్టంగా ఉంటుంది. ఒక మనిషి చేసే, లేదా చేయవలసిన విధుల కట్ట జాబ్. విధులు బాగా పోలిన జాబులన్నీ కలిస్తే ఒక ఆక్యుపేషన్. మన దేశంలో 2015 నాటి జాతీయ వర్గీకరణ కూడా ఈ పద్ధతిలోనే ఒక్కో ఆక్యుపేషన్‌కు ఎనిమిది అంకెల కోడ్ ఇచ్చింది. ఖమ్మంలో ఒక బ్యాంకు క్లర్కు, వరంగల్‌లో ఒక బ్యాంకు క్లర్కు ఉంటే అవి రెండు జాబులు, ఒక ఆక్యుపేషన్. మీరు విత్తనాల కంపెనీ వదిలి సిమెంటు కంపెనీలో అదే లెక్కల పనికి చేరితే జాబ్ మారుతుంది, ఆక్యుపేషన్ మారదు. ఇంకో సంగతి, ఆక్యుపేషన్ కాగితం మీది మాట. ఫారాలలో, జనగణనలో, కోర్టు పత్రాలలో కనిపిస్తుంది. ఎదురెదురుగా మాట్లాడుకునేటప్పుడు ‘మై ఆక్యుపేషన్ ఈజ్’ అని మొదలుపెడితే ఫారం చదివి వినిపిస్తున్నట్టుంటుంది.

ప్రొఫెషన్, ట్రేడ్, బిజినెస్ – ఈ మూడింటికీ మన రాజ్యాంగమే మంచి పాఠం. 19వ అధికరణం మొదటి ఖండం జి ఉపఖండంలో పౌరులకు ఉన్న హక్కు ఇది: ‘టు ప్రాక్టీస్ ఎనీ ప్రొఫెషన్, ఆర్ టు క్యారీ ఆన్ ఎనీ ఆక్యుపేషన్, ట్రేడ్ ఆర్ బిజినెస్’. క్రియలు చూడండి. ప్రొఫెషన్‌కు ప్రాక్టీస్, మిగిలిన మూడింటికీ క్యారీ ఆన్. లాయరు, డాక్టరు, చార్టర్డ్ అకౌంటెంట్ ‘ప్రాక్టీస్’ చేస్తారు. దీర్ఘకాలం చదువు, సభ్యత్వం ఇచ్చే ఒక మండలి, దాని నియమావళి ఉన్నదాన్ని ప్రొఫెషన్ అనడం పాత పద్ధతి. లాటిన్‌లో ఆ మాటకు మూలం ‘నలుగురి ముందు ప్రకటించడం’, అంటే ఒక రకంగా ప్రమాణం చేయడం. ఇప్పుడు ఉపాధ్యాయులు, నర్సులు, ఇంజనీర్లు అందరికీ వాడుతున్నారు, అందులో తప్పేమీ లేదు. కానీ కిరాణా కొట్టు మాత్రం ప్రొఫెషన్ కాదు, బిజినెస్. ఆదాయపు పన్ను వాళ్ళు ‘బిజినెస్ ఆర్ ప్రొఫెషన్’ అని రెండు మాటలూ పక్కపక్కన పెట్టింది అందుకే.

ట్రేడ్‌కు రెండు ముఖాలున్నాయి. ఒకటి వ్యాపారం. రెండోది చేతితో నేర్చుకునే విద్య. ఐటీఐలో చదివినవాళ్ళను ‘ఏ ట్రేడు?’ అని మనం అడిగేది ఈ రెండో దాన్నే: ఫిట్టర్, టర్నర్, వెల్డర్, ఎలక్ట్రీషియన్. ట్రేడ్‌కు తగిన క్రియ ‘లర్న్’: ‘హీ లర్న్డ్ ఎ ట్రేడ్’. మన కులవృత్తి, చేతివృత్తి అన్నప్పటి వృత్తికి ప్రొఫెషన్ కంటే ఇదే దగ్గర. నేతపనిని ‘వీవింగ్ ప్రొఫెషన్’ అని రాస్తుంటారు, ‘ద వీవర్స్ ట్రేడ్’ అంటే ఆ పనికి సహజమైన మాట అవుతుంది.

మీ పే స్లిప్‌లో పి.టి. అని ఒక కోత ఉంటుంది. తెలుగు రాష్ట్రాలు రెండింటిలోనూ జీతం నెలకు 20,000 దాటితే అది 200 రూపాయలు. ప్రొఫెషనల్ ట్యాక్స్ అని పేరు పడింది గానీ, దీనికి ఆధారమైన రాజ్యాంగం 276వ అధికరణంలో ఉన్నది నాలుగు మాటలు: ప్రొఫెషన్స్, ట్రేడ్స్, కాలింగ్స్, ఎంప్లాయ్‌మెంట్స్. ఏడాదికి 2,500 మించకూడదన్న హద్దూ అక్కడే ఉంది. చట్టం పన్ను వేసే ఉపాధి రకాలను విడివిడిగా చెబుతోంది కనుక ఎంప్లాయ్‌మెంట్‌కు కూడా అక్కడ బహువచనం వచ్చింది. మామూలు మాటల్లో అలా అనకండి. ‘కాలింగ్’ అంటే పిలుపు, ‘వొకేషన్’ కూడా లాటిన్‌లో పిలుపే. లోపలి నుంచి ఏదో పిలిచినట్టు చేసే పనికి ఆ రెండు మాటలు. రెజ్యూమెలో మాత్రం వాటికి చోటు లేదు.

కెరీర్ మూలార్థం బండి వెళ్ళే బాట. ఒక ఉద్యోగం కాదు, ఏళ్ళ తరబడి ఒక రంగంలో మీరు నడిచిన దారి మొత్తం. అందుకే ‘మై కెరీర్ ఇన్ అకౌంటింగ్’ అంటే బాగుంటుంది, ‘ఐ గాట్ ఎ కెరీర్ ఇన్ దట్ కంపెనీ’ అంటే బాగుండదు. మీ ‘క్యారియర్ ఆబ్జెక్టివ్’ తప్పు ఎలా దూరిందో చెప్పడం తేలిక. కెరీర్ స్పెల్లింగ్ సి ఏ ఆర్ ఈ ఈ ఆర్, ఆర్ నడుమ ఒక్కటే. టిఫిన్ క్యారియర్‌కు సి ఏ ఆర్ ఆర్ ఐ ఈ ఆర్. రెండూ నిజమైన మాటలే కాబట్టి కంప్యూటర్ ఎర్ర గీత గీయదు. పలకడంలో కెరీర్‌లో బరువు ‘రీ’ మీద, క్యారియర్‌లో ‘క్యా’ మీద. స్పెల్లింగ్ సరిదిద్దడం కన్నా ఆ ఆబ్జెక్టివ్ తీసేసి, ఆ చోట మూడేళ్ళలో మీరు చేసిన పని రెండు వాక్యాల్లో రాయడం మేలు.

పోస్ట్, పొజిషన్, డెజిగ్నేషన్ దగ్గర దేశం చూసుకోవాలి. పోస్ట్ అంటే మనిషి ఉన్నా లేకపోయినా ఉండే కుర్చీ. గ్రూప్-1 పోస్టులు అనేది అందుకే, మనిషి రిటైరైతే పోస్టు ఖాళీ అవుతుంది గానీ పోదు. ప్రైవేటు కంపెనీల్లో దానికి పొజిషన్, రోల్ అంటారు. ఈ కుర్చీ మాటలకు క్రియ ‘హోల్డ్’: ‘షీ హోల్డ్స్ ఎ సీనియర్ పొజిషన్’. డెజిగ్నేషన్ మన దేశంలో అందరికీ అర్థమవుతుంది. అమెరికాలో, ఇంగ్లండ్‌లో ‘జాబ్ టైటిల్’ అనకపోతే ఒక్క క్షణం ఆగి ఆలోచిస్తారు. సర్వీస్ కూడా అంతే. ‘ఆయనది ముప్పై ఏళ్ళ సర్వీసు’ అన్నది మనకు గౌరవం. అమెరికాలో ‘హీ వాజ్ ఇన్ ద సర్వీస్’ అంటే సైన్యంలో పని చేశాడని. డ్యూటీ నర్సుకూ పోలీసుకూ ఆర్టీసీ డ్రైవరుకూ బాగా సరిపోతుంది, ‘ఆన్ డ్యూటీ’, ‘ఆఫ్ డ్యూటీ’ అంటారు. అకౌంట్స్‌లో ఉన్నవాళ్ళు ‘ఐ యామ్ గోయింగ్ టు డ్యూటీ’ అనరు, ‘టు వర్క్’ అంటారు. బహువచనంలో ‘డ్యూటీస్’ మాత్రం అందరికీ ఉంటాయి, ఉద్యోగంలో చేయవలసిన పనుల జాబితా అని అర్థం.

చిన్న పనుల మాటలు ఒక్క ముక్కలో: ఎవరైనా అప్పగించిన, మొదలూ చివరా ఉన్న పని టాస్క్. అంట్లు, ఊడ్పు లాంటి తప్పని రోజువారీ పని చోర్. కొట్టుకెళ్ళి కరివేపాకు పట్రావడం లాంటిది ఎరండ్. ఇంటర్వ్యూలో ‘మెనీ వర్క్స్’ అనాలనిపించిన చోట మీకు కావలసింది ‘మెనీ టాస్క్స్’.

ఇక అమ్మానాన్నల ఫారం. మీరు నింపుతున్నది డీఎస్-160 అనే అమెరికా వీసా ఫారం అయితే అందులో ‘ప్రైమరీ ఆక్యుపేషన్’ దగ్గర మీరు రాసేదేమీ లేదు, జాబితాలోంచి ఎంచుకోవాలి. ఆ జాబితాలో ఎక్కువ భాగం రంగాల పేర్లు. నాన్నగారికి అగ్రికల్చర్. అదే జాబితాలో లాయర్లకు ‘లీగల్ ప్రొఫెషన్’, మతాచార్యులకు ‘రెలిజియస్ వొకేషన్’ అని ఉంటుంది, పైన చెప్పిన తేడాలు అక్కడ కూడా పాటించారు. వేరే ఏదైనా ఫారంలో ఖాళీ గడి ఇచ్చి ఆక్యుపేషన్ రాయమంటే అగ్రికల్చర్ అనకుండా ‘ఫార్మర్’ అని రాయండి. అగ్రికల్చర్ రంగం, ఫార్మర్ మనిషి. సొంత భూమి గానీ కౌలు భూమి గానీ సాగు చేస్తే ఫార్మర్, మన జనగణన మాటలో కల్టివేటర్. ఇతరుల పొలంలో కూలికి వెళ్తే అగ్రికల్చరల్ లేబరర్. ‘కూలీ’ అని ఇంగ్లీషులో రాయకండి. దక్షిణాఫ్రికాలో, కరీబియన్ దేశాల్లో అది భారతీయ సంతతి వాళ్ళను తిట్టే మాట.

అమ్మగారి విషయంలో తొందరపడి హోమ్‌మేకర్ నొక్కకండి. నాట్లు, కలుపు, పత్తి తీత, లెక్క అన్నీ ఆమె కూడా చూస్తుంటే ఆమెదీ వ్యవసాయమే. ఏడాదిలో ఎక్కువ కాలం ఏది చేస్తారో ఆమెనే అడిగి అది పెట్టండి. కాన్సులేట్‌లో అధికారి అడిగినప్పుడు ఆమె నోటి నుంచి వచ్చే జవాబూ ఫారంలో ఉన్నదీ ఒక్కటే కావాలి. ‘డ్యూటీస్’ క్లుప్తంగా రాయమన్న గడిలో హోదా రాస్తే సరిపోదు, క్రియలు రాయాలి. నాన్నగారికి ఇలా: ‘ఐ గ్రో పాడీ అండ్ కాటన్ ఆన్ మై ఓన్ ల్యాండ్, హైర్ అండ్ సూపర్‌వైజ్ ఫార్మ్ వర్కర్స్, అండ్ సెల్ ద క్రాప్ ఎట్ ద మార్కెట్ యార్డ్.’ పంటల పేర్లు మీ పొలానికి తగ్గట్టు మార్చుకోండి, ఎకరాలు కూడా చేర్చండి. ‘జాబ్ టైటిల్’ అడిగేది ఇంతకు ముందు చేసిన ఉద్యోగాల దగ్గర. అక్కడ ఆర్డరు కాగితంలో ఉన్న పేరు ఉన్నదున్నట్టు దించాలి.

ఇంటర్వ్యూలో మీరన్న రెండు ముక్కలూ ఇలా మారతాయి: ‘ఐ వర్క్ యాజ్ ఆన్ అకౌంట్స్ అసిస్టెంట్ ఎట్ ఎ సీడ్ కంపెనీ. ఐ హ్యావ్ బీన్ దేర్ ఫర్ త్రీ ఇయర్స్.’ ఒక క్షణం ఆగి, ‘మెనీ వర్క్స్’ ఉండే చోట ఆ పనులే చెప్పండి: ‘ఐ పోస్ట్ డైలీ ఎంట్రీస్, రికన్సైల్ ద బ్యాంక్ స్టేట్‌మెంట్, అండ్ ప్రిపేర్ ద మంత్లీ జీఎస్టీ రిటర్న్స్.’ ఇందులో వర్క్ లేదు, జాబ్ లేదు. మీరు ఏం చేస్తారో మాత్రం ఎదురుగా కూర్చున్నాయనకు తెలిసిపోతుంది.